వదలడం తెలిసిన లేబులు

పెళ్లి భోజనాలు అయ్యాక ఫంక్షన్ హాలు వెనక్కి వెళితే విస్తళ్ల కుప్ప పక్కన ఇంకో కుప్ప ఉంటుంది. అన్నీ నీళ్ల సీసాలు. రెండు గుక్కలు తాగి వదిలేసినవి కొన్ని, మూతే తీయనివి కొన్ని, పిల్లలు నొక్కి నొక్కి సొట్టలు పెట్టినవి కొన్ని. ఈ మధ్య ప్రతి సీసా మీదా వధూవరుల ఫొటో, పేర్లు అచ్చేయించడం కూడా ఆనవాయితీ అయింది. అలాంటి ఒక పెళ్లి బంతిలో నా పక్కన కూర్చున్న పెద్దాయన సీసాను అటూ ఇటూ తిప్పి చూసి, "ఏమండీ, ఇదంతా ప్లాస్టిక్కే కదా! కరిగించి మళ్లీ సీసా పోసేస్తే సరిపోదూ? ఇంత గోల దేనికి?" అన్నారు.

ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు. పాత ఇత్తడి బిందె ఇచ్చి కొత్త చెంబులు పోయించుకున్న కాలం చూసిన మనిషి. లోహానికి సాధ్యమైంది ప్లాస్టిక్‌కు ఎందుకు కాదు? నేను సీసా మీద నవ్వుతున్న పెళ్లికొడుకును చూపించి, "సగం గోల ఇతనిదేనండీ" అన్నాను. ఆయన నన్ను వింతగా చూసి పెరుగన్నంలో పడ్డారు. అప్పుడు చెప్పకుండా మిగిలిపోయిన జవాబే ఈ అధ్యాయం.

గిన్నెడు నీళ్లలో మూడు ముక్కలు

ప్లాస్టిక్ అనేది ధాన్యం లాంటి మాట. వరి, జొన్న, సజ్జ, రాగి అన్నీ గింజలే. అలాగని నాలుగూ ఒకే ఎసట్లో పోసి ఒకే మంట మీద ఉడికిస్తామా? నీళ్ల సీసాకు ఒళ్లంతా 'పెట్' అనే రకం ప్లాస్టిక్. పాలీఎథిలీన్ టెరెఫ్తాలేట్ అని దాని పూర్తి పేరు, ఒకసారి పలికి మర్చిపోవచ్చు. మూతది పాలీఎథిలీనో పాలీప్రొపిలీనో. లేబులు చాలావాటికి పలుచటి పాలీప్రొపిలీన్ పొర, కొన్నిటికి పీవీసీ, కొన్నిటికి కాగితం. లేబులుతోపాటు జిగురు, సిరా. చేతిలో ఒక వస్తువులా కనిపించేది నిజానికి ఒక ఉమ్మడి కుటుంబం.

నమ్మకం కుదరకపోతే కత్తెర తీసుకోండి. సీసా నుంచి, మూత నుంచి, లేబులు నుంచి గోరంత ముక్కలు కత్తిరించండి. గిన్నెడు నీళ్లలో అంట్లు తోమే సబ్బు ఒక్క చుక్క కలపండి. సబ్బు లేకపోతే గాలి బుడగలు పట్టుకుని, మునగాల్సిన ముక్క కూడా పైకి తేలి మనల్ని మోసం చేస్తుంది. ముక్కలను వేలితో నీళ్లలోకి నొక్కి వదలండి. సీసా ముక్క చక్కా అడుక్కు చేరుతుంది. మూత ముక్క, లేబులు ముక్క పైకి వచ్చేస్తాయి.

ఘనపు సెంటీమీటరు నీళ్లు ఒక గ్రాము తూగుతాయి. అంతే పరిమాణం పెట్ ప్లాస్టిక్ సుమారు 1.38 గ్రాములు తూగుతుంది, మునిగిపోతుంది. పాలీప్రొపిలీన్ సుమారు 0.9 గ్రాములు, మూతల్లో వాడే గట్టి పాలీఎథిలీన్ సుమారు 0.95. రెండూ తేలతాయి. విత్తనాల వడ్లను ఉప్పునీళ్లలో పోసి, తేలిన తాలు తీసేసే రైతుకు ఇందులో కొత్త సంగతేమీ లేదు.

పాత సీసాలను మళ్లీ సరుకుగా మార్చే కర్మాగారం చేసేదీ ఇదే. సీసాలను మూతలతో, మిగిలిన లేబులు పీలికలతో సహా మరలో వేసి చిన్న చిన్న పలుకులుగా నలగ్గొడుతుంది. వీటినే ఆ వ్యాపారంలో ఫ్లేక్స్ అంటారు. ఆ పలుకులను పెద్ద నీళ్ల తొట్టిలో పోస్తే మునిగినవి ఒకపక్కకు, తేలినవి ఇంకోపక్కకు పోతాయి. ఆరాక గాలి వీచి, అప్పటికీ మిగిలిన పలుచటి లేబులు తునకలను ఎగరగొడతారు. కళ్లంలో తూర్పారబట్టడమే, కాకపోతే చేట బదులు ఫ్యాను.

అంటే లేబులు గీసేవాడు గుర్తుపెట్టుకోవాల్సిన మొదటి సంగతి ఇది: మునిగే సీసా మీద తేలే లేబులు ఉండాలి. వినడానికి ఇంత తేలికైన ఈ మాటను ఎన్ని రకాలుగా తప్పవచ్చో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

కొత్త గిన్నె మీద స్టిక్కరు

స్టీలు గిన్నె కొన్న ప్రతి ఇంట్లోనూ జరిగే భాగోతమే. స్టిక్కరు అంచు గోటితో లేపుతాం. పైపొర వచ్చేస్తుంది, కింద తెల్లటి కాగితం, దాని కింద జిడ్డు జిగురు మిగులుతాయి. పొయ్యి మీద కాస్త వెచ్చబెడతాం, కొబ్బరినూనె రాస్తాం, పీచు పెట్టి తోముతాం. వారం తర్వాత చూస్తే ఆ చోట మసి అంటుకుని నల్లటి మచ్చ. ఒక్క గిన్నెకే ఇంత పాటు. టన్నులకొద్దీ పలుకులు కడిగేవాడి సంగతి ఊహించండి.

వాళ్లు వాడేది కొబ్బరినూనె కాదు, 80 డిగ్రీలు దాటిన వేడినీళ్లలో కలిపిన కాస్టిక్ సోడా. ఆ స్నానంలో జిగురు వదిలి, లేబులు తునక విడిపోవాలి. ఇక్కడే లేబులు జిగురు తయారుచేసేవాడికి ఒక విచిత్రమైన పరీక్ష. ఎండాకాలం దుకాణం ముందు ఐసు డబ్బాలో సీసా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నానినా లేబులు ఊడకూడదు. అదే లేబులు వేడి కాస్టిక్ నీళ్లలో పడగానే మారాం చెయ్యకుండా ఊడిపోవాలి. పుట్టింట్లో ఎంత ముద్దుగా పెరిగినా ముహూర్తం రాగానే కదలాల్సిన పెళ్లికూతురు లాంటి జిగురు కావాలి. అలాంటి జిగుర్లు ఉన్నాయి కూడా. పట్టుకోవడం తెలిసిన జిగుర్లు ఎప్పటినుంచో ఉన్నాయి, వదలడం తెలిసినవాటి కోసమే ప్రత్యేకంగా కృషి చేయాల్సి వచ్చింది.

అసలు జిగురును తగ్గించడమే తెలివైన పని. మామూలు నీళ్ల సీసా లేబులు చుట్టూ తిరిగి ఒకచోట తన అంచు మీదికి తానే ఎక్కుతుంది. ఆ అతుకు దగ్గర బొటనవేలి గోరు పెట్టి లాగి చూడండి. జిగురు అంచుల దగ్గర సన్నటి గీతలా మాత్రమే ఉంటుంది, మిగతా లేబులు ఊరికే చుట్టుకుని ఉంటుంది. అందుకే ఒక్క లాగుకు చేతిలోకి వచ్చేస్తుంది. వెనక అంతా జిగురు పూసి అతికించిన లేబులైతే గిన్నె స్టిక్కరు కథే.

కాగితం అనగానే పర్యావరణానికి మేలు అని మనకో నమ్మకం. ప్లాస్టిక్ సీసా మీద మాత్రం ఆ నమ్మకం పనిచేయదు. పాత కాగితాలు నానబెట్టి, మెంతులతో కలిపి రుబ్బి చేటలకు మెత్తడం మన అమ్మమ్మలు చేసిన పనే. వేడినీళ్ల తొట్టిలో కాగితం లేబులుకు జరిగేది అదే. గుజ్జయిపోతుంది. ఆ గుజ్జులోని సన్నటి పీచు పలుకులకు మెత్తుకుంటుంది, వడకట్టే జల్లెళ్లను మూసేస్తుంది. కడుగుడుకు లొంగని పీచు తర్వాత కొలిమి వేడికి మాడి, కొత్త ప్లాస్టిక్‌లో నల్లటి నలుసులై తేలుతుంది. కాగితం మంచిదే, దాని చోటు అది కాదు.

సిరాదీ ఇలాంటి గొడవే. కొత్త ఎర్రచీరను తెల్ల చొక్కాలతో కలిపి నానబెట్టిన రోజు ఇంట్లో జరిగిన రాద్ధాంతం గుర్తుందా? లేబులు సిరా వేడినీళ్లలో కరిగితే తొట్టిలోని పలుకులన్నిటికీ ఆ రంగు పడుతుంది. తెల్లగా మెరిసే పలుకులకే ధర. కాస్త బూడిదరంగు తిరిగినా అవి మళ్లీ సీసా కాలేవు, ముదురు రంగు నూలుకో, కట్టే పట్టీలకో పోవాలి. కాబట్టి సిరా లేబులును విడవకూడదు, లేబులు మాత్రం సీసాను విడవాలి.

ముసుగేసుకున్న సీసా

హైదరాబాద్ శివారులో ఒక స్క్రాప్ గోదాములో కాసేపు కూర్చున్నాను. రేకుల షెడ్డు. సీసాల గుట్ట ముందు పీట వేసుకుని నలభై దాటిన ఒకామె చిన్న బ్లేడుతో పని చేస్తోంది. ఎడమచేత్తో సీసా తిప్పడం, బ్లేడుతో పై నుంచి కిందికి ఒక్క గీత, లేబులు ఒకపక్కకు, సీసా ఇంకోపక్కకు. లెక్కపెట్టాలని చూశాను, నా చూపు ఆమె చేతిని అందుకోలేకపోయింది. మధ్యలో మెడ దాకా బొమ్మలున్న ఒక జ్యూసు సీసా వచ్చింది. బ్లేడు పెట్టబోయి ఆగి, దాన్ని వెనక ఉన్న ఇంకో గుట్ట మీదికి విసిరేసింది.

"అదెందుకమ్మా అటు పడేశావు?"

"గది తొడుగు సీసా సార్. సుట్టూ అతుక్కొని ఉంటది, ఊకె రాదు. గది తీసేటాళ్లకు గిటు పది సీసాలైతయ్. వాటికి రేటు గూడ తక్కువే."

ఆమె తొడుగు అన్నది సరైన మాట. పరిశ్రమలో ష్రింక్ స్లీవ్ అంటారు. లేబులును సీసాకు చుట్టరు, గొట్టంలా తయారుచేసి చొక్కాలా తొడుగుతారు. ఆ పొరను తయారీలోనే అడ్డంగా సాగదీసి చల్లార్చి ఉంచుతారు. ఆవిరి సొరంగంలోంచి వెళ్లగానే దానికి పాత కొలత గుర్తొస్తుంది, ముడుచుకుని సీసా వంపులన్నిటినీ కరుచుకుంటుంది. పాల కవరు అంచును పొయ్యి సెగకు దగ్గరగా పెడితే ముడుచుకుపోవడం చూసే ఉంటారు. కంపెనీలకు ఇదంటే మహా ఇష్టం. మెడ నుంచి అడుగు దాకా అంగుళం వదలకుండా బొమ్మలు వేయొచ్చు, సీసాను ఏ ఆకారంలోనైనా పోయొచ్చు.

గోదాములో ఆమె కన్ను ఉంది కాబట్టి సరిపోయింది. పెద్ద కర్మాగారాల్లో ఆ కన్ను ఒక యంత్రం. బెల్టు మీద పరుగెత్తే సీసాల మీద పరారుణ కాంతి పడుతుంది. మన కంటికి ఆనని కాంతి అది. ఒక్కో ప్లాస్టిక్ ఆ కాంతిలో కొంత మింగి కొంత తిప్పి కొడుతుంది, ఎంత మింగిందో ఏ భాగం మింగిందో చూసి యంత్రం దాని కులగోత్రాలు చెప్పేస్తుంది. వెంటనే ఒక గాలి దెబ్బ, సీసా తన గంపలో పడుతుంది. కానీ యంత్రం చదివేది పైన ఉన్నదాన్నే. నిలువెల్లా పీవీసీ తొడుగు వేసుకున్న పెట్ సీసాను అది పీవీసీ అనుకుంటుంది. బురఖాలో ఎవరున్నారో దానికేం తెలుసు? మంచి సీసా చెత్తలోకి పోతుంది. మసి కలిపిన నల్లరంగైతే ఇంకా అన్యాయం. కాంతిని మొత్తం మింగేస్తుంది కాబట్టి ఆ వస్తువు బెల్టు మీద ఉన్నట్టే యంత్రానికి తెలియదు.

ఈ చిక్కుకు విరుగుళ్లు దొరికాయి, వాటిలో కొన్ని మరీ సాదాగా ఉంటాయి. తొడుగును పొట్టిగా కత్తిరించి, సీసా ఒళ్లు తగినంత కనపడేలా వదిలితే యంత్రం గుర్తుపడుతుంది. జపాన్‌లో తొడుగు మీద పై నుంచి కిందికి సూది బెజ్జాల వరసలు ఉంటాయి, అక్కడ తపాలా బిళ్లలు చించినట్టు చించి తీసేసి సీసాను వేరుగా వేయడం పిల్లలకు కూడా అలవాటే. మూడోది రసాయన శాస్త్రవేత్తల పని: నీళ్ల మీద తేలే జాతి ప్లాస్టిక్‌తోనే ముడుచుకునే తొడుగు చేయడం. కొంతకాలం ఇది కుదరలేదు, ఆ జాతి పొరలు కావలసినంత ముడుచుకునేవి కావు. ఇప్పుడు వస్తున్నాయి.

పోపులో ధనియాల పొడి

గ్రాముకు అటూ ఇటూ తూగే లేబులు. నూటికి తొంభైతొమ్మిది తీసేశాం, ఒకటి మిగిలింది. ఏమవుతుంది?

ఆవాలు చిటపటలాడే దాకా కాగిన నూనెలో ధనియాల పొడి వేసి చూడండి. ఆవాలకు సరిపోయిన వేడి పొడికి చావు. క్షణంలో నల్లబడి, పోపంతా చేదు చేస్తుంది. పెట్ కరగాలంటే 250 డిగ్రీలు దాటాలి. పీవీసీకి అంత ఓపిక లేదు, అంతకు చాలా ముందే కుళ్లిపోవడం మొదలుపెట్టి హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి వదులుతుంది. పెట్ అణువులు పొడవాటి గొలుసులు, సీసా బలమంతా ఆ పొడవులోనే ఉంది. ఆమ్లం ఆ గొలుసులను తెంచుకుంటూ పోతుంది. దారం పీలికలతో బట్ట నేసినట్టే, ముక్కలైన గొలుసులతో పోసిన సీసా పెళుసుగా, పసుపుపచ్చగా, నల్ల నలుసులతో వస్తుంది. పది లక్షల పాళ్లలో కొన్ని పదుల పాళ్లు పీవీసీ చాలు, ఈ అల్లరి బయటపడటానికి. పైగా పీవీసీ బరువు పెట్ బరువుకు దాదాపు సమానం. గిన్నెడు నీళ్ల పరీక్షలో అది సీసా ముక్కతోపాటే మునుగుతుంది. తాలును తీయొచ్చు, వడ్లలో వడ్లలాగే కనిపించే రాయిని ఎలా తీస్తాం?

పీవీసీ వద్దనుకున్న కంపెనీలు చాలా చోట్ల పెట్‌కు దాయాది అయిన పెట్‌జీ పొర వైపు వెళ్లాయి. పేరు కలిసింది కాబట్టి గుణం కలుస్తుందనుకున్నారేమో. కలవలేదు. కరిగించే ముందు పెట్ పలుకులను 150 డిగ్రీలు దాటిన వేడిలో గంటల తరబడి ఎండబెట్టాలి, తడి మిగిలితే ఆ తడి కూడా గొలుసులు తెంచుతుంది. ఆ వేడికి పెట్ పలుకులు పొడిపొడిగానే ఉంటాయి. పెట్‌జీ తునకలు మెత్తబడి, ఉడికిన సగ్గుబియ్యంలా పక్కవాటిని పట్టుకుంటాయి. పొద్దున వచ్చి చూస్తే ఎండబెట్టే గొట్టంలో పలుకుల బదులు బెల్లం దిమ్మ లాంటి ముద్ద. నీళ్ల తొట్టి దీన్నీ పట్టుకోలేదు, ఇదీ మునిగేదే. చివరికి ఆ దాయాదినే కొంచెం మార్చి, అదే వేడికి పెట్ లాగా స్ఫటికంలా గట్టిపడే రకం పొరలు తెచ్చారు. వాటిమీద సిరా వేడినీళ్లలో పూర్తిగా లేచిపోవాలి, ఎందుకంటే ఈసారి తొడుగు కూడా సీసాతో కలిసి కరిగిపోతుంది. ఇంతకుముందు సిరా లేబులును విడవకూడదన్నాను కదా, ఇక్కడ విడవాలి. ఏ దారిన వెళ్లే లేబులో తెలియకుండా నియమం చెప్పడం కుదరదు.

ఐస్‌క్రీమ్ డబ్బా దగ్గరికి వస్తే మొత్తం లెక్కే తిరగబడుతుంది. ఆ డబ్బా పాలీప్రొపిలీన్‌ది, అదే తేలుతుంది. దాని మీద తేలే లేబులు వేస్తే తొట్టిలో రెండూ కలిసే తేలతాయి, వేరు చేయడం అసాధ్యం. అక్కడ మంచి లేబులంటే డబ్బా జాతిదే. అచ్చులోనే ముందు లేబులు పెట్టి మీద ప్లాస్టిక్ పోస్తారు, జిగురు అక్కర్లేదు, రెండూ ఒకే పదార్థం కాబట్టి విడదీయాల్సిన పనీ లేదు. కాకపోతే ఆ సిరా రంగులన్నీ ప్లాస్టిక్‌లో కలుస్తాయి, వచ్చే సరుకు బకెట్లకో కుండీలకో పోతుంది తప్ప మళ్లీ తెల్లటి డబ్బా కాదు.

లేబులే లేకపోతే?

దక్షిణ కొరియా ఈ విషయంలో మొహమాటపడలేదు. 2019 డిసెంబర్ 25 నుంచి అమల్లోకి వచ్చిన చట్టంతో నీళ్లకు, పానీయాలకు రంగు పెట్ సీసాలను, ప్యాకింగ్‌లో పీవీసీని నిషేధించింది. లేబులు ఊడే తీరు కూడా చూసి ప్యాకింగుకు నాలుగు తరగతులు పెట్టింది. అడుగు తరగతి వచ్చిన సరుకు మీద 'రీసైక్లింగ్ కష్టం' అని కంపెనీయే అచ్చేసుకోవాలి. మార్కుల కార్డు నాన్నకు చూపించడం కాదు, ఇంటి గుమ్మానికి అంటించుకోవడం ఇది.

తర్వాతి నెలలోనే, 2020 జనవరిలో, లొట్టే చిల్సంగ్ అనే పానీయాల కంపెనీ తన ఐసిస్ నీళ్లను లేబులు లేని సీసాలో అమ్మకానికి పెట్టింది. పేరును సీసా ప్లాస్టిక్ మీదే అచ్చులో ఉబ్బెత్తుగా పోశారు. మిగతా కంపెనీలూ అదే బాట పట్టాయి. ఆ ఏడాది డిసెంబర్ నుంచి అపార్టుమెంట్లలో రంగులేని సీసాలను లేబులు తీసి విడిగా వేయడం తప్పనిసరైంది. లేబులు లేని సీసా కొన్నవాడికి ఆ పని కూడా తప్పింది.

మన దగ్గర ఇది అంత సులువు కాదు. కొరియాలో నీళ్ల సీసాలు ఎక్కువగా కట్టగా కొంటారు, రాయాల్సిన వివరాలు కట్ట మీది కవరుకు మారిస్తే సరిపోతుంది. మన బస్టాండులో ఒక్క సీసాయే కొంటాం. ధర, తేదీ, పరిమాణం, లైసెన్సు నంబరు, ఫిర్యాదు చేయాల్సిన చిరునామా అన్నీ దాని మీదే ఉండాలి. పైగా రెండక్షరాలు మార్చి అమ్మే నకిలీ సరుకు మధ్య చదువు రానివాళ్లు లేబులు రంగును బట్టే అసలుదాన్ని గుర్తుపడతారు. లేబులు తీసేయమనడం తేలికే, దాని పని ఎవరు చేస్తారో కూడా చెప్పాలి. నా మటుకు నాకు లేబులు ఉండనిచ్చి పీవీసీ తొడుగులను ముందు వదిలించుకోవడం మేలనిపిస్తుంది.

మన కంపెనీలు ఇప్పుడు ఈ లెక్కలు వేసుకోక తప్పని పరిస్థితి వేరే దారిలో వచ్చింది. 2022 ఫిబ్రవరిలో కేంద్రం ప్రకటించిన ప్లాస్టిక్ వ్యర్థాల నియమాల ప్రకారం, గట్టి ప్లాస్టిక్ ప్యాకింగ్‌లో 2025-26కి 30 శాతం, 2028-29 నాటికి 60 శాతం పాత ప్లాస్టిక్‌నే తిరిగి వాడాలన్నది లక్ష్యం. ఇన్నాళ్లూ పాత సీసాల్లో పెద్ద భాగం పాలిస్టర్ నూలుగా మారేది, నూలులో చిన్న నలుసును ఎవరూ పట్టించుకోరు. సీసాకు సీసాయే కావాలంటే నలుసు ఉండకూడదు. నాలుగేళ్ల కిందట తాను పూయించిన జిగురు కంపెనీకి తిరిగి చేరే రోజులు ఇవి.

అన్నట్టు, గిన్నెడు నీళ్ల ప్రయోగం నేను మూడు ముక్కలతో ఆపలేదు. ఫ్రిజ్‌లో ఒక మజ్జిగ సీసా ఉంటే దాని మీది తొడుగు నుంచి ఆకుపచ్చ ఆవు బొమ్మ ఉన్న ముక్క కత్తిరించి అదే గిన్నెలో వేశాను. వేలితో నొక్కకముందే మునిగిపోయింది. సబ్బు ఎక్కువైందేమోనని నీళ్లు మార్చి మళ్లీ వేశాను. రాత్రంతా అలాగే ఉంచాను. పొద్దున మా ఆవిడ గిన్నె కావాలని నీళ్లు పారబోసేటప్పటికి ఆవు అడుగునే ఉంది, సీసా ముక్కను ఆనుకుని.